సొంత వైఫైకి టీవీ బాక్సును కలిపే ముందు

సభకు నమస్కారం. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది మన ఇళ్ళలో తరచుగా ఎదురయ్యే ఒక చిక్కు గురించి. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన సంస్థ ఒక రూటర్ బిగించి వెళ్తుంది. దాని సిగ్నల్ లోపలి గదుల దాకా రావడం లేదని ఇంటివాళ్ళు వేరే కంపెనీ రూటరో, రెండు మూడు యూనిట్లుగా వచ్చే మెష్ సెట్టో కొని పెట్టుకుంటారు. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఆ కొత్త వైఫై మీద హాయిగా నడుస్తాయి. సెట్‌టాప్ బాక్సు దగ్గరికి వచ్చేసరికి పని ఆగుతుంది. ఒక ఇంట్లో బాక్సు అసలు కలవదు. ఇంకో ఇంట్లో చానల్ పెట్టగానే కొన్ని సెకన్లు బొమ్మ వచ్చి నిలిచిపోతుంది. మరో ఇంట్లో యాప్‌లన్నీ చక్కగా వస్తాయి గానీ చానళ్ళు ఒక్కటీ రావు. పైకి అన్నీ "వైఫై సరిగా లేదు" అనిపించే ఫిర్యాదులే అయినా వీటి కారణాలు వేరు వేరు. కారణం తెలియకుండా ఇంకా ఖరీదైన రూటర్ కొనడం వల్ల డబ్బు పోతుందే తప్ప బొమ్మ రాదు.

అందుకని వైఫై పేరు, పాస్‌వర్డు కొట్టే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఈ బాక్సుకు బొమ్మ ఎక్కడి నుంచి, ఏ దారిన వస్తోంది? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే సొంత వైఫైకి కలపవచ్చా లేదా, కలిపితే ఏ అమరిక మార్చాలి అన్నవి చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి.

మొదటి రకం బాక్సులు మామూలు ఇంటర్నెట్ మీదే ఆధారపడేవి. ఆండ్రాయిడ్ టీవీ బాక్సులు, టీవీ వెనక హెచ్‌డీఎంఐ సందులో గుచ్చే స్టిక్కులు ఈ కోవలోకి వస్తాయి. వీటికి ఆ వైఫై ఎవరిదన్న పట్టింపు లేదు. ఫోను నడిచే చోట ఇవీ నడుస్తాయి. రెండో రకంలో చానళ్ళు డాబా మీది డిష్ నుంచో, కేబుల్ వాళ్ళు లాగిన తీగ నుంచో వస్తాయి. వైఫై కేవలం యాప్‌లకోసం. ఇటువంటి బాక్సుకు వైఫై తెగిపోయినా వార్తలూ సీరియళ్ళూ ఆగవు. కాబట్టి డిష్ బాక్సు ఉన్న ఇంట్లో చానళ్ళు రావడం లేదంటే రూటర్ జోలికి వెళ్ళనక్కర్లేదు, డాబా ఎక్కి తీగ చూసుకోవాలి. ఈ రెండు రకాల గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పవలసింది లేదు.

అసలు చిక్కంతా మూడో రకంతో వస్తుంది. అది ఐపీటీవీ బాక్సు. ఇంటర్నెట్ ఇచ్చే సంస్థే టీవీ చానళ్ళను కూడా అదే ఫైబర్ తీగ మీద పంపుతుంది. తీగ ఒకటే అయినా చానళ్ళు వచ్చేది బయటి ఇంటర్నెట్ నుంచి కాదు, ఆ సంస్థ సొంతంగా నడుపుకొనే లోపలి నెట్‌వర్కు నుంచి. మన రాష్ట్రాల్లో ఇది కొత్తేమీ కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015లో ఏర్పాటు చేసిన ఫైబర్‌నెట్ సంస్థ ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడింటినీ ఒకే తీగ మీద ఇచ్చే ఏర్పాటుతో మొదలైంది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. 2024 అక్టోబరులో బీఎస్‌ఎన్‌ఎల్ తన ఫైబర్ చందాదారులకు టీవీ సేవను ప్రకటించినప్పుడు, ఆ టీవీ చూడడం వల్ల ఇంటర్నెట్ ప్యాకులోని డేటా ఖర్చు కాదని చెప్పింది. చానళ్ళు వాళ్ళ లోపలి నెట్‌వర్కు మీదే తిరుగుతాయి కాబట్టి అది సాధ్యమైంది. 2025 మార్చిలో ఎయిర్‌టెల్ కూడా 2,000 నగరాల్లో ఐపీటీవీ ఇస్తామని ప్రకటించింది. అంటే ఈ మూడో రకం బాక్సు ఉన్న ఇళ్ళు ఇకముందు పెరిగేవే గానీ తగ్గేవి కావు. అందుకే దీని లోపలి పని తీరును కాస్త ఓపికగా చూద్దాం.

యాప్‌లో సినిమా చూసేటప్పుడు సర్వరు మన ఒక్క ఇంటికోసం ఒక ప్రతిని పంపుతుంది. పక్కింటివారు అదే సినిమా చూస్తుంటే వారికి ఇంకో ప్రతి వెళ్తుంది. దీన్ని యూనికాస్ట్ అంటారు. క్రికెట్ ఫైనల్ రోజున లక్ష ఇళ్ళు ఒకే చానల్ పెడితే ఈ పద్ధతిలో లక్ష ప్రతులు పంపాలి. ఒక హెచ్‌డీ చానల్‌కు సెకనుకు 5 నుంచి 8 మెగాబిట్లు అనుకున్నా, అది ఏ సంస్థ నెట్‌వర్కుకైనా పెద్ద భారమే. ఈ ఇబ్బందికి పరిష్కారంగా వచ్చింది మల్టీకాస్ట్. కంప్యూటర్ శాస్త్రవేత్త స్టీవ్ డీరింగ్ 1989లో రాసిన ప్రమాణ పత్రం దానికి పునాది వేసింది. ఇందులో చానల్ ప్రతి ఒక్కటే బయల్దేరుతుంది. దారిలో ఎక్కడ రెండు పాయలుగా విడిపోవాలో అక్కడ మాత్రమే దానికి ఇంకో ప్రతి తయారవుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరిన కాలువ నీరు, ఏ పిల్లకాలువ కింద పొలం అడిగితే ఆ తూము ఎత్తినప్పుడే అటు పారుతుంది. చానల్ కూడా అడిగిన వీధికే, అడిగిన ఇంటికే వస్తుంది. తేడా ఒకటే, పంచినకొద్దీ నీరు తగ్గుతుంది, ఇక్కడ బొమ్మ తగ్గదు.

మరి అడిగేదెవరు? మనం రిమోట్ మీద చానల్ మార్చిన ప్రతిసారీ బాక్సు పాత చానల్ గుంపు నుంచి తప్పుకుంటున్నానని, కొత్త గుంపులో చేరుతున్నానని ఒక చిన్న సందేశం పంపుతుంది. ఆ సందేశాల భాష పేరు ఐజీఎంపీ. దాని రెండో రూపం 1997లో, మూడో రూపం 2002లో వచ్చాయి. బాక్సు నుంచి బయల్దేరిన ఈ సందేశం ఇంటి రూటర్‌ను దాటి సంస్థ పరికరాల దాకా చేరాలి. చేరితేనే చానల్ కిందికి వస్తుంది. సంస్థ ఇచ్చిన రూటర్‌లో ఈ ఏర్పాటు ముందే చేసి ఉంటుంది. మనం కొన్న రూటర్‌కు మాత్రం అది ఎవరూ చెప్పలేదు. ఫోన్ల పని దానికి బాగా తెలుసు. చేరిక సందేశాన్ని ఒక వైపు నుంచి అందుకొని మరో వైపు తన తరఫున అందించే పనిని, అంటే ఐజీఎంపీ ప్రాక్సీని, చాలా రూటర్లు మనం ఆన్ చేస్తే తప్ప చేయవు. కొన్నింటిలో ఆ సదుపాయమే ఉండదు. బొమ్మ రాకపోవడానికి ఇది మొదటి కారణం.

కొన్ని సెకన్లు వచ్చి ఆగిపోయే బొమ్మ సంగతి అడుగుతూ ఒకరు చీటీ పంపారు. మంచి ప్రశ్న, ఎందుకంటే ఆ లక్షణమే కారణాన్ని పట్టిస్తుంది. చానల్ మార్చగానే ఆలస్యం లేకుండా బొమ్మ కనిపించాలని కొన్ని ఐపీటీవీ వ్యవస్థల్లో ఒక ఉపాయం పెట్టారు. మొదటి కొన్ని సెకన్ల బొమ్మను సర్వరు ఆ ఒక్క బాక్సుకే విడిగా యూనికాస్ట్‌లో గబగబా పంపుతుంది. ఈలోగా బాక్సు మల్టీకాస్ట్ గుంపులో చేరిపోవాలి. అమెరికాలో ఏటీ అండ్ టీ 2006లో మొదలుపెట్టిన యూవర్స్ టీవీ, మైక్రోసాఫ్ట్ తయారుచేసిన ఇటువంటి వ్యవస్థ మీదే నడిచింది. సొంత రూటర్ మధ్యలో పెడితే యూనికాస్ట్ భాగం ఏ అడ్డూ లేకుండా వస్తుంది, ఎందుకంటే అది యాప్‌లో వచ్చే వీడియో లాంటిదే. తరువాత రావలసిన మల్టీకాస్ట్ రూటర్ దగ్గరే ఆగిపోతుంది. తెర మీద బొమ్మ నిశ్చలంగా నిలబడిపోతుంది. చూసేవారికి వేగం చాలలేదనిపిస్తుంది. వేగం 300 మెగాబిట్లున్నా 1,000 మెగాబిట్లున్నా ఇది ఇలాగే ఆగుతుంది.

దీనికి దగ్గరి బంధువు ఇంకొకటుంది. బొమ్మ చక్కగా వస్తుంది. నాలుగు నిమిషాలు దాటాక ఆగిపోతుంది. చానల్ మార్చి మళ్ళీ పెడితే ఇంకో నాలుగు నిమిషాలు నడుస్తుంది. ఈ సమయం యాదృచ్ఛికం కాదు. ఐజీఎంపీ ప్రమాణంలో "ఇంకా ఎవరైనా ఈ చానల్ చూస్తున్నారా" అని రూటర్ 125 సెకన్లకు ఒకసారి అడగాలన్నది మామూలు గడువు. రెండు సార్లు అడిగే వ్యవధిలో జవాబు అందకపోతే, మరో 10 సెకన్లు చూసి, మొత్తం 260 సెకన్లకు ఆ దారి మూసేస్తారు. ఇంట్లో ఉన్న స్విచ్చో, మెష్ యూనిట్టో చేరిక సందేశాలను గమనిస్తూ ఉంటుంది గానీ అడిగేవారు ఎవరూ లేకపోతే బాక్సు మళ్ళీ జవాబు చెప్పదు, జవాబు లేదని ఆ పరికరం దారి కట్టేస్తుంది. మీ ఇంట్లో బొమ్మ నాలుగు నిమిషాల చిల్లరకు ఆగుతుంటే, మీ మెష్ అమరికల్లో ఐజీఎంపీ స్నూపింగ్ (చేరిక సందేశాలను గమనించే ఆ పని పేరే ఇది) అన్న మాట ఎక్కడుందో వెతికి, దాన్ని ఆపి చూడండి. ఆపితే చానల్ ఇల్లంతా పారుతుంది కాబట్టి అది శాశ్వత పరిష్కారం కాకపోవచ్చు, కానీ తప్పు ఎక్కడుందో వెంటనే తెలిసిపోతుంది.

ఇక రెండో కారణం వీల్యాన్. ఒకే ఫైబర్ మీద ఇంటర్నెట్, టీవీ కలిసి వచ్చేటప్పుడు వాటిని వేరుచేయడానికి సంస్థ ఒక్కో సేవకు ఒక్కో అంకె తగిలిస్తుంది. ఉదాహరణకు మలేసియాలో యూనిఫై కనెక్షన్‌లో ఇంటర్నెట్‌కు 500, టీవీకి 600. సింగపూర్‌లో సింగ్‌టెల్‌లో ఇంటర్నెట్‌కు 10, టీవీకి 20. మనం కొన్న రూటర్‌కు ఈ అంకెలు తెలియకపోతే టీవీ పాయ దానికి కనిపించనే కనిపించదు. అక్కడి సంస్థలు ఈ అంకెలను దాచలేదు. అందుకే బజారులో దొరికే కొన్ని రూటర్లలో ఐపీటీవీ అన్న పేజీ తెరిచి, సింగపూర్, మలేసియా సంస్థల పేర్లు ఎంచుకుంటే చాలు, అమరికంతా పూర్తయిపోతుంది. మన దగ్గర ఈ అంకె అడిగితే బిగించడానికి వచ్చిన కుర్రాడికి తెలియదు, కాల్ సెంటరు వారికి ప్రశ్న అర్థం కాదు. ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. చందాదారుడు డబ్బు కట్టి తెచ్చుకున్న సేవ అతని సొంత పరికరం మీద నడవడానికి కావలసిన నాలుగు అంకెలు రహస్యంగా ఉండవలసిన అవసరం లేదు. కనెక్షన్ కాగితం మీదో, రూటర్ అడుగున అంటించే చీటీ మీదో వాటిని అచ్చువేయాలి. ఇంటింటికీ మనిషిని పంపించే ఖర్చు కూడా సంస్థకు దానివల్ల తగ్గుతుంది.

ఇప్పటిదాకా చెప్పినవి తీగ మీద కూడా వచ్చే సమస్యలు. వైఫై అనగానే ఇంకొకటి తోడవుతుంది, అది గాలిలో మల్టీకాస్ట్ నడిచే తీరు. మామూలుగా వైఫైలో పంపిన ప్రతి ముక్కకూ "అందింది" అని ఎదుటి పరికరం జవాబిస్తుంది. జవాబు రాకపోతే రూటర్ మళ్ళీ పంపుతుంది. మల్టీకాస్ట్‌లో వినేవారు ఒకరా పదిమందా అన్నది లెక్కలో ఉండదు కాబట్టి జవాబు అడగడం లేదు, మళ్ళీ పంపడమూ లేదు. పోయింది పోయినట్లే, తెర మీద చదరాలు చదరాలుగా బొమ్మ పగులుతుంది. పైగా అందరికంటే దూరంలో ఉన్న పరికరానికి కూడా వినబడాలని రూటర్ దాన్ని అన్నింటికంటే నెమ్మదైన వేగంతో పంపుతుంది. వైఫై వాడే తరంగ శ్రేణుల్లో ఆ కనిష్ఠ వేగం 2.4 గిగాహెర్ట్జ్‌లో 1 మెగాబిట్, 5 గిగాహెర్ట్జ్‌లో 6 మెగాబిట్లు. ఎనిమిది మెగాబిట్ల హెచ్‌డీ చానల్ ఆరు మెగాబిట్ల సందులో పట్టదన్నది చెప్పనక్కర్లేదు. పట్టించబోతే గాలి మొత్తం దానికే సరిపోయి పక్క గదిలో పిల్లల ఆన్‌లైన్ పాఠం కూడా ఆగుతుంది. "టీవీ పెట్టగానే ఇంట్లో అందరి నెట్టూ నెమ్మదిస్తోంది" అనేవారి ఇంట్లో జరుగుతున్నది సాధారణంగా ఇదే. ఇది ఏ ఒక్క కంపెనీ లోపమూ కాదు. 2021లో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ కేవలం ఈ ఇబ్బందుల గురించే ఒక పత్రం వెలువరించింది. మంచి రూటర్లు దీనికి ఒక మందు వేస్తాయి. తీగ మీద మల్టీకాస్ట్‌గా వచ్చినదాన్ని, అడిగిన బాక్సుకు మాత్రమే గాలిలో యూనికాస్ట్‌గా మార్చి పంపుతాయి. కొనేటప్పుడు పెట్టె మీద రాసిన పెద్ద పెద్ద వేగాలకంటే ఈ సదుపాయం ఉందా అని అడగడం ఐపీటీవీ ఇళ్ళకు ఎక్కువ పనికొస్తుంది.

ఈ గొడవంతా తెలిసిన పెద్ద సంస్థలు ఏం చేశాయో చూస్తే మనకూ దారి తెలుస్తుంది. 2011లో ఏటీ అండ్ టీ తీగ అక్కర్లేని బాక్సు తెచ్చినప్పుడు దాన్ని ఇంటి వైఫైకి కలపనివ్వలేదు. దానికోసమే ఒక చిన్న ప్రసార పరికరాన్ని విడిగా ఇచ్చింది. అది టీవీ బాక్సులతో మాత్రమే మాట్లాడుతుంది. అక్కడే డిష్ టీవీ ఇచ్చే డైరెక్‌టీవీ కూడా తన వైర్‌లెస్ చిన్న బాక్సులకు వీడియో బ్రిడ్జి అన్న పేరుతో ఇదే ఏర్పాటు చేసింది. బ్రిటన్‌లో 2016లో వచ్చిన స్కై క్యూ ఇంకో అడుగు వేసి, పడకగదిలోని మినీ బాక్సు హాల్లోని పెద్ద బాక్సుతో నేరుగా తమలో తాము మాట్లాడుకొనేలా చేసింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు "కొత్త మెష్ పెట్టాను, టీవీ బాక్సు దానికి కలవడం లేదు" అన్నప్పుడు చాలాసార్లు సంగతి ఇదే. ఆ బాక్సు తయారైందే ఇంటి వైఫైతో సంబంధం లేకుండా. అక్కడ చేయవలసిందల్లా ఆ సంస్థ ఇచ్చిన చిన్న పరికరాన్ని కొత్త రూటర్‌కు మార్చకుండా, సంస్థ తీగతో తగిలించిన చోటే వదిలేయడం. టీవీకి కేటాయించిన గాలి వేరు, ఫోన్ల గాలి వేరు అన్న ఈ సూత్రం నాకు సమంజసంగా కనిపిస్తుంది.

మన ఇళ్ళకు వద్దాం. సంస్థ రూటర్ టీవీకి దగ్గరలో ఉంటే ఐపీటీవీ బాక్సును దానికే ఈథర్‌నెట్ తీగతో కలపండి, మీ మెష్‌ను ఫోన్లకోసం ఉంచుకోండి. నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇదే. టీవీ దూరంగా ఉండి మెష్ మీదుగానే వెళ్ళవలసి వస్తే, ముందు మెష్‌ను రూటర్ పద్ధతిలో కాక యాక్సెస్ పాయింట్ పద్ధతిలో పెట్టండి. అప్పుడు ఇంట్లో రూటర్ ఒకటే అవుతుంది, అది సంస్థది. మెష్ దాని సిగ్నల్‌ను మోసుకుపోవడం తప్ప మధ్యలో కలగజేసుకోదు. చేరిక సందేశాలు సంస్థ రూటర్ దాకా నేరుగా వెళ్తాయి. ఇంట్లో రెండు రూటర్లు ఒకదాని వెనక ఒకటి ఉన్నప్పుడు వచ్చే మరో ఇబ్బంది, అంటే ఫోను ఒక వైఫై మీదా టీవీ ఇంకో వైఫై మీదా ఉండి ఒకదానికొకటి కనబడకపోవడం కూడా దీంతో తీరుతుంది. ఒక్క మాట గుర్తుంచుకోవాలి, కొన్ని సంస్థల రూటర్లలో నాలుగు సాకెట్లున్నా టీవీ పాయ వచ్చేది ఒక్క సాకెట్‌లోనే. ఆ సాకెట్ ఏదో అడిగి తెలుసుకొని బాక్సును దానికే పెట్టాలి.

టీవీ దగ్గర మెష్ యూనిట్ ఉంటే, బాక్సును వైఫైతో కలపకుండా ఆ యూనిట్ వెనకున్న సాకెట్‌కు తీగతో కలపడం ఇంకా మేలు. బాక్సు లోపలి యాంటెన్నా చిన్నది. బాక్సును టీవీ వెనకో, చెక్క క్యాబినెట్ లోపలో దాచేస్తాం. మధ్యలో తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, పైన కాంక్రీటు స్లాబు. మెష్ యూనిట్ యాంటెన్నాలు ఆ పని దానికంటే బాగా చేస్తాయి. బాక్సుల మీది ఈథర్‌నెట్ సాకెట్ చాలావాటిలో 100 మెగాబిట్లదే కదా అని కొందరు అనుమానిస్తారు. 4కే వీడియోకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 మెగాబిట్లు, నూరు పుష్కలం. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవారు ఎవరైనా ఇక్కడ ఉంటే, టీవీ గోడ దాకా కరెంటు తీగల పైపు కాకుండా వేరే పైపు వేయించి క్యాట్6 రకం ఈథర్‌నెట్ తీగ లాగించండి. గోడ పూత అయ్యాక ఆ పని పదింతలవుతుంది. డిష్ కోసం ముందే లాగిన కోక్స్ తీగ మీదుగా నెట్ పంపే పరికరాలు విదేశాల్లో బాగా వాడుకలో ఉన్నాయి, కానీ అవి వాడే 1,125 నుంచి 1,675 మెగాహెర్ట్జ్ తరంగాలు డిష్ సిగ్నల్ దిగే తరంగాల్లోనే పడతాయి. డిష్ నడుస్తున్న తీగ మీద వాటిని పెట్టకూడదు.

తీగకు అవకాశమే లేక వైఫై తప్పనిసరైనవారికి కొన్ని సూచనలు. బాక్సు 5 గిగాహెర్ట్జ్‌ను పట్టుకోగలిగితే దాన్నే వాడాలి. మన దేశంలో 2018 అక్టోబరులో ఈ శ్రేణిలో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోవడానికి విడిచిపెట్టారు, 2.4లో ఉన్నది 83.5 మాత్రమే, అందులో అపార్ట్‌మెంటులోని ఇళ్ళన్నీ తోసుకుంటాయి. అయితే ఆ 605లో కొంత భాగం రాడార్లు కూడా వాడేది. ఆ భాగంలోని వైఫై చానళ్ళను (ఇవి టీవీ చానళ్ళు కావు, ఆ శ్రేణిని అంకెలతో విడదీసిన ముక్కలు) చాలా టీవీ బాక్సులు చూడవు. మెష్ తనంతట తాను అటువంటి చానల్‌కు మారితే, నిన్నటిదాకా నడిచిన బాక్సుకు ఈరోజు వైఫై పేరే కనబడదు. అప్పుడు రూటర్‌లో 36 నుంచి 48 లోపుగానీ 149 నుంచి 161 లోపుగానీ చానల్‌ను స్థిరంగా ఎంచుకోండి. ఇలాంటిదే ఇంకొకటి, అమెరికా నుంచి బంధువులు తెచ్చిన స్టిక్కు 2.4లో 11వ చానల్ దాకానే వెతుకుతుంది. మన రూటర్ 12లోనో 13లోనో ఉంటే అది గుడ్డిదైపోతుంది. భద్రత అమరికను డబ్ల్యూపీఏ3 అనే కొత్త రకం వైఫై రక్షణ ఒక్కదానికే పరిమితం చేస్తే పాత బాక్సులు పాస్‌వర్డు సరైనదైనా తప్పంటాయి. దానికి ముందుదైన డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసి ఉండే అమరిక పెట్టాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయడం నా బాధ్యత అనుకుంటున్నాను. అన్ని చానళ్ళూ ఉచితమంటూ ఆన్‌లైన్‌లో చవకగా దొరికే, ఊరూ పేరూ తెలియని ఆండ్రాయిడ్ బాక్సులను మీ ఇంటి వైఫైకి కలపకండి. వాటిలో కొన్ని కర్మాగారం నుంచే హానికరమైన ప్రోగ్రాముతో వస్తున్నాయి. 2024 డిసెంబరులో జర్మనీ సైబర్ భద్రతా సంస్థ ఆ దేశంలో ఇటువంటి ప్రోగ్రాము ఉన్న 30,000 దాకా పరికరాలకు నేరగాళ్ళ సర్వర్లతో ఉన్న సంబంధాలను తెంచింది. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ, టీవీ బాక్సులతో సహా ఈ తరహా పరికరాలు ఇంటి నెట్‌వర్కులను నేరగాళ్ళ చేతికి అప్పగిస్తున్నాయని ప్రజలను హెచ్చరించింది. మీ బ్యాంకు లావాదేవీలు నడిచే ఫోనూ ఆ బాక్సూ ఒకే వైఫై మీద ఉన్నాయని గుర్తుంచుకోండి. ఇప్పటికే కొని ఉంటే వాడకం మానేయడం ఉత్తమం. నమ్మకమైన బ్రాండు బాక్సునైనా, ఇంట్లో మిగతా పరికరాలతో పనిలేదనుకుంటే, రూటర్ అతిథులకోసం విడిగా ఇచ్చే గెస్ట్ నెట్‌వర్కు మీద ఉంచవచ్చు. అప్పుడు ఫోను నుంచి టీవీకి వీడియో పంపడం మాత్రం కుదరదు. ఎందుకంటే గెస్ట్ నెట్‌వర్కులో పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా రూటర్ అడ్డుగోడ కడుతుంది.

చివరిగా వచ్చిన చీటీలో ఒక పెద్దాయన అడిగింది చాలా ఇళ్ళకు వర్తిస్తుంది. కొడుకు విదేశం నుంచి మెష్ కొని పంపాడు, ఫోనులోని యాప్‌తో అక్కడి నుంచే నడుపుతున్నాడు, అతను ఏదైనా మార్చినప్పుడల్లా ఇక్కడ టీవీ ఆగుతోంది, ఏం చేయాలి అని. అయ్యా, ముందుగా మీ అబ్బాయికి చెప్పండి, కొత్త మెష్‌కు పాత రూటర్ వైఫై పేరూ పాస్‌వర్డూ అక్షరం తేడా లేకుండా అవే పెట్టి, పాత రూటర్‌లోని వైఫైని ఆపేయమనండి. అలా చేస్తే మీ బాక్సులో రిమోట్‌తో ఒక్కొక్క అక్షరం కొట్టే పని మీకు ఉండదు, అది దానంతట అదే కలుస్తుంది. పాస్‌వర్డు మార్చవలసి వస్తే మీ దగ్గర ఎవరైనా తోడున్న రోజునే మార్చమనండి. రూటర్ సాఫ్ట్‌వేరు తనంతట తాను మారే సమయాన్ని మీరు నిద్రపోయే వేళకు పెట్టమనండి. అక్కడ రాత్రి అయితే ఇక్కడ మీరు వార్తలు చూసే సమయం కావచ్చు, యాప్‌లో కనిపించే గడియారం ఏ దేశానిదో చూసుకోమనండి. మీది ఐపీటీవీ బాక్సు అయితే సంస్థ రూటర్‌ను తీసేయవద్దని, మెష్‌ను యాక్సెస్ పాయింట్ పద్ధతిలో ఉంచమని చెప్పండి. ఆ మాట ఇదే పేరుతో చెబితే చాలు, యాప్‌లో ఎక్కడుందో అతను వెతుక్కుంటాడు.